12 మంది నిర్దోషి అన్నాక

నిందితులు ఏడుగురు, విచారణలు మూడు, నిర్దోషులుగా తేలినవారు ఇద్దరు. ఆ ఇద్దరిలో ఒకరు ఇంటికి వెళ్లారు, ఇంకొకరిని దేశం దాటించారు. అమెరికాలో ‘లిబర్టీ సిటీ సెవెన్’గా పేరుపడ్డ కేసు అంకెల్లో ఇంతే.

మయామీ నగరంలో లిబర్టీ సిటీ పేదల పేట. అక్కడ ఒక గోదాములో కలుసుకునే ఏడుగురిపై 2006 జూన్‌లో ఎఫ్‌బీఐ కేసు పెట్టింది. షికాగోలోని 110 అంతస్తుల సియర్స్ టవర్‌ను పేల్చేయడానికి కుట్ర పన్నారన్నది ఆరోపణ. వాళ్లు అల్ ఖైదా దూత అనుకున్న మనిషి నిజానికి ఎఫ్‌బీఐ పంపిన ఇన్ఫార్మర్. అతన్ని వాళ్ల నాయకుడు అడిగినవాటిలో మెషిన్ గన్లు, 50 వేల డాలర్లతో పాటు బూట్లు కూడా ఉన్నాయి. ఎవరి కాలికి ఏ సైజో రాసి మరీ ఇచ్చారు. బాంబు తయారుచేసే సరుకు మాత్రం వాళ్ల దగ్గర దొరకలేదు. 2006 మార్చిలో అల్ ఖైదాకు విధేయంగా ఉంటామని ప్రమాణం చేసిన దృశ్యం రహస్య కెమెరాకు చిక్కింది. ప్రాసిక్యూషన్‌కు అదే పెద్ద ఆధారం. ఈ కుట్రలో ఆచరణ కంటే ఆశే ఎక్కువని అప్పట్లో ఎఫ్‌బీఐ డిప్యూటీ డైరెక్టరే అన్నాడు.

మోపిన అభియోగాలు నాలుగు. 2007 డిసెంబరులో మొదటి విచారణ ముగిసింది. లిగ్లెన్సన్ లెమొరిన్ నాలుగింటిలోనూ నిర్దోషి అని జ్యూరీ చెప్పింది. మిగతా ఆరుగురి విషయంలో జ్యూరర్లకు ఏకాభిప్రాయం కుదరలేదు. 2008 ఏప్రిల్‌లో రెండో విచారణ కూడా అలాగే తేలకుండా పోయింది. మూడోసారి, 2009 మేలో, ఐదుగురికి శిక్ష ఖాయమైంది, నాడిమార్ హెరెరా నిర్దోషిగా బయటపడ్డాడు. హెరెరా అమెరికా పౌరుడు కాబట్టి అతని కథ కోర్టు గుమ్మం దగ్గరే ముగిసింది. లెమొరిన్ హైతీలో పుట్టి చిన్నప్పుడే అమెరికా వచ్చినవాడు. గ్రీన్ కార్డ్ ఉంది, పౌరసత్వం లేదు. పైగా అరెస్టుకు ముందే గుంపును వదిలి అట్లాంటా వెళ్లిపోయాడు. తీర్పు వచ్చాక అతన్ని ఇంటికి పంపకుండా జార్జియాలోని ఇమ్మిగ్రేషన్ నిర్బంధ కేంద్రానికి తరలించారు. జ్యూరీ నమ్మని అవే ఆరోపణల మీద దేశ బహిష్కరణ కేసు నడిపారు, గెలిచారు. 2010 జనవరి 12న హైతీలో వచ్చిన భూకంపం వల్ల డిపోర్టేషన్లు ఏడాది పాటు ఆగాయి. 2011 జనవరిలో మళ్లీ మొదలవగానే, ఆ నెలలోనే, అతన్ని పంపేశారు. అప్పుడు హైతీలో కలరా ప్రబలి ఉంది. అలా తొలి విడతలో వెళ్లిన 27 మందిని దిగీదిగగానే పోలీస్ లాకప్పుల్లో పెట్టారు. వాళ్లలో ఒకరు కొద్ది రోజులకే చనిపోయారు.

ఇదంతా చట్టవిరుద్ధమా అంటే, కాదు. ఒకే నేరానికి ఒకరిని రెండుసార్లు విచారించకూడదని అమెరికా రాజ్యాంగ ఐదో సవరణ చెబుతుంది. మన రాజ్యాంగంలోని 20వ అధికరణం ఒకే నేరానికి రెండుసార్లు శిక్ష పడకుండా కాపాడుతుంది. అయితే దేశం నుంచి పంపేయడం శిక్ష కిందకు రాదని అమెరికా సుప్రీంకోర్టు 1893లోనే, చైనా కార్మికుల కేసులో, తేల్చేసింది. అది శిక్ష కాదనుకున్నాక జ్యూరీ అక్కర్లేదు, డబ్బులేని వాడికి ప్రభుత్వం వకీలును పెట్టాల్సిన పనిలేదు, చెవినపడ్డ మాటల్ని సాక్ష్యంగా తీసుకోకూడదన్న కట్టుబాటూ అంత గట్టిగా ఉండదు. విచారించే ఇమ్మిగ్రేషన్ జడ్జి న్యాయశాఖ ఉద్యోగి. ఆ శాఖకు అధిపతి అటార్నీ జనరల్. అంటే కేసు నడిపేదీ తీర్పు చెప్పేదీ ఒకే ప్రభుత్వానికి చెందిన రెండు శాఖలు.

ఎంత రుజువు, దేనికి రుజువు

ఇక్కడ ఎక్కువమంది ఎత్తిచూపే తేడా రుజువు స్థాయిది. క్రిమినల్ కోర్టులో ‘సహేతుకమైన సందేహానికి తావులేకుండా’ రుజువు కావాలి, 12 మంది జ్యూరర్లూ ఒక్క మాట మీద ఉండాలి. ఇమ్మిగ్రేషన్ కోర్టులో ‘స్పష్టమైన, నమ్మదగిన’ రుజువు ఉంటే చాలు, తీర్చేది ఒక్కరే. కోర్టులు వీటిని శాతాల్లో చెప్పవు. లా కాలేజీ పాఠాల్లో మాత్రం మొదటిదాన్ని 90కి పైన, రెండోదాన్ని 75 దరిదాపుల్లో, మామూలు సివిల్ తగాదాను 50 దాటితే చాలని లెక్కవేసి చెబుతుంటారు. ఈ లెక్కన జ్యూరీకి 80 శాతం అనుమానం ఉన్నవాడు ఇక్కడ నిర్దోషి, అక్కడ బహిష్కృతుడు. వినడానికి వింతగా ఉన్నా ఇందులో తర్కం ఉంది. నిర్దోషి అన్న తీర్పు ‘నేరం రుజువు కాలేదు’ అని చెబుతుంది, ‘ఏమీ జరగలేదు’ అని చెప్పదు. నాకు ఈ భాగంతో పెద్ద పేచీ లేదు.

నా పేచీ ఇంకో చోట ఉంది. రెండు కోర్టుల మధ్య మారేది రుజువు స్థాయి ఒక్కటే కాదు, రుజువు చేయాల్సిన విషయమే మారిపోతుంది. క్రిమినల్ కోర్టులో మనిషి ఏం చేశాడో చూపాలి. ఇమ్మిగ్రేషన్ కోర్టులో ఎవరితో ఉన్నాడో, ఎవరికి ఏమిచ్చాడో చూపితే సరిపోతుంది. 2001 నాటి పేట్రియట్ చట్టం, 2005 నాటి రియల్ ఐడీ చట్టం కలిసి ఈ సంబంధాల పరిధిని బాగా పెంచాయి. ఆ నిర్వచనాల్లో ‘ఉగ్రవాద సంస్థ’లు మూడు రకాలు. మొదటి రెండూ ప్రభుత్వం ప్రకటించే జాబితాల్లోనివి. మూడోది ఏ జాబితాలోనూ ఉండదు. ఇద్దరు, అంతకంటే ఎక్కువమంది ఉన్న ఏ బృందమైనా, పేరూ ఊరూ కమిటీ లేకపోయినా, ఉగ్రవాద చర్యకు దిగితే అది సంస్థే. అలాంటి బృందానికి సాయం చేసినవాడు అదెలాంటిదో తనకు తెలియదని, తెలిసే వీలూ లేదని తానే ‘స్పష్టమైన, నమ్మదగిన’ రుజువుతో చూపించుకోవాలి. బరువు ఇటు నుంచి అటు మారింది. ఇంకో అంకె కూడా ఉంది. గత ఐదేళ్లలో చేసిన పనివల్ల ఉగ్రవాద కారణంతో అనర్హుడైన వ్యక్తికి భార్యో భర్తో పిల్లలో అయినా అదే వలలో పడవచ్చు. తెలియదని నిరూపించుకుంటే మినహాయింపు.

ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారని మన సామెత. అమెరికా చట్టం ఆ ఆరు నెలలు కూడా అడగదు.

అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్ల ఇళ్లను ఈ దృష్టితో చూడండి. పిల్లలు అక్కడ పుట్టి పౌరులు. తండ్రిది హెచ్1బీ, తల్లిది దాని వెంట వచ్చే వీసా. ఏనాడో స్థిరపడ్డ పెదనాన్నది గ్రీన్ కార్డ్. ఒకే ఇంట్లో ఒకే విరాళం రశీదు, ఒకే వాట్సాప్ గ్రూపు ఉన్నా, చట్టం ముందు ఒక్కొక్కరి బలం ఒక్కో రకం. చాలామంది గ్రీన్ కార్డ్‌ను గట్టు దాటినట్టే భావిస్తారు. లెమొరిన్‌ కూడా గ్రీన్ కార్డ్ ఉన్నవాడే.

అదే చట్టం కింద అందరికీ అదే గతి పట్టదని చూపే కేసు కూడా ఉంది. 2007 ఆగస్టు 4న సౌత్ కరోలినాలోని గూస్ క్రీక్‌లో వేగంగా వెళ్తున్న ఒక కారును పోలీసులు ఆపారు. అందులో సౌత్ ఫ్లోరిడా యూనివర్సిటీలో చదివే ఇద్దరు ఈజిప్ట్ విద్యార్థులు ఉన్నారు. డిక్కీలో పొటాషియం నైట్రేట్, చక్కెర కలిపి దట్టించిన పైపు ముక్కలు దొరికాయి. బాంబు సరుకని ప్రభుత్వం, ఇంట్లో చేసుకున్న బొమ్మ రాకెట్ల సామగ్రి అని వాళ్లు. ఒకతను ఇంకో అభియోగం ఒప్పుకుని 15 ఏళ్లు జైలుకు వెళ్లాడు. రిమోట్ బొమ్మను డిటొనేటర్‌గా మార్చడమెలాగో చూపిస్తూ యూట్యూబ్‌లో వీడియో పెట్టింది అతనే. పక్క సీట్లో ఉన్న యూసెఫ్ మెగాహెద్ 2009 ఏప్రిల్ 3న నిర్దోషిగా బయటికొచ్చాడు. మూడు రోజులు గడిచాయి. ఏప్రిల్ 6న ఒక వాల్‌మార్ట్ పార్కింగ్‌లో ఇమ్మిగ్రేషన్ అధికారులు అతన్ని పట్టుకున్నారు. అవే పైపులు, అదే కారు, అదే స్నేహితుడు. అతన్ని వదిలేసిన జ్యూరర్లలో కొందరు, ఇదేం పద్ధతని బయటికొచ్చి మరీ నిలదీశారు. ఆగస్టులో ఇమ్మిగ్రేషన్ జడ్జి ప్రభుత్వం తన భారం మోయలేకపోయిందని కేసు కొట్టేశాడు. లెమొరిన్‌కు మూడేళ్లు పట్టి చివరికి విమానం, మెగాహెద్‌కు నాలుగు నెలలకే విడుదల. మధ్యలో చట్టం మారలేదు.

పాత చరిత్ర గురించి ఎక్కువ చెప్పను. 1919 డిసెంబరులో అరాచకవాదులన్న పేరుతో 249 మందిని బుఫోర్డ్ అనే ఓడలో ఎక్కించి రష్యా వైపు పంపేశారు. వాళ్లలో ఎమ్మా గోల్డ్‌మన్ ఒకరు. 1952 నాటి మెక్‌కారన్-వాల్టర్ చట్టంలో కమ్యూనిస్టులను ఉద్దేశించి పెట్టిన నిబంధనలను 1987 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లో ఎనిమిది మంది మీద వాడారు. ఏడుగురు పాలస్తీనీయులు, ఒక కెన్యా మహిళ. ఒక పాలస్తీనా సంస్థ పత్రికలు పంచారని, దానికోసం విందులు పెట్టి చందాలు పోగుచేశారని ఆరోపణ. వీళ్లు అమెరికా పౌరులై ఉంటే అరెస్టు చేయడానికి ఆధారమే ఉండేది కాదని అప్పటి ఎఫ్‌బీఐ డైరెక్టర్ విలియం వెబ్‌స్టర్ కాంగ్రెస్ కమిటీ ముందు చెప్పాడు. అలా చెప్పాక కూడా ఆ కేసు 20 ఏళ్లు నడిచింది, 1999లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, 2007లో ఇమ్మిగ్రేషన్ జడ్జి కొట్టేశాడు.

ఒక సిమ్ కార్డు

‘సంబంధం’ అంటే ఏమిటన్న ప్రశ్న కోర్టులో సూటిగా నలిగిన కేసు అమెరికాది కాదు, ఆస్ట్రేలియాది. అందులో ఉన్నది మన బెంగళూరు డాక్టరు. మహమ్మద్ హనీఫ్‌ను 2007 జులై 2న బ్రిస్బేన్ విమానాశ్రయంలో ఆపారు. గోల్డ్ కోస్ట్ ఆస్పత్రిలో పనిచేస్తున్న హనీఫ్, వారం కిందట పుట్టిన కూతుర్ని చూడటానికి బెంగళూరు బయలుదేరాడు. అంతకు రెండు రోజుల ముందు గ్లాస్గో విమానాశ్రయంలోకి మంటలతో ఒక జీపు దూసుకెళ్లింది. దాన్ని నడిపింది హనీఫ్‌కు వరసకు సోదరుడయ్యే వ్యక్తి. 2006లో ఇంగ్లాండ్ వదిలి వచ్చేటప్పుడు హనీఫ్ తన సిమ్ కార్డును ఆ కుటుంబంలోనే ఇంకొకరికి ఇచ్చి వచ్చాడు.

12 రోజులు అభియోగం లేకుండా ఉంచారు. జులై 14న ఉగ్రవాద సంస్థకు నిర్లక్ష్యంగా సాయం చేశాడని కేసు పెట్టారు. సిమ్ కాలిపోయిన జీపులో దొరికిందని ప్రాసిక్యూషన్ కోర్టుకు చెప్పింది. అది నిజం కాదు, సిమ్ లివర్‌పూల్‌లో దొరికింది. జులై 16న మేజిస్ట్రేట్ 10 వేల డాలర్ల పూచీకత్తు మీద బెయిలు ఇచ్చింది. గంటల్లోనే ఇమ్మిగ్రేషన్ మంత్రి కెవిన్ ఆండ్రూస్ వీసా రద్దుచేశాడు. కారణం, నేరంలో ఉన్నట్టు అనుమానమున్న వాళ్లతో సంబంధం, అందువల్ల ‘సత్ప్రవర్తన పరీక్ష’లో తప్పాడు. బెయిలు వచ్చిన మనిషి వీసా లేక లోపలే ఉండిపోయాడు. జులై 27న ప్రాసిక్యూషన్ తనంతట తానే కేసు వదులుకుంది. వీసా మాత్రం తిరిగి రాలేదు. ఆ నెల దాటకుండానే హనీఫ్ బెంగళూరు చేరాడు.

వీసా రద్దు సవాలు జస్టిస్ జెఫ్రీ స్పెండర్ ముందుకొచ్చింది. ప్రభుత్వ వాదన ప్రకారం నేరస్తులతో ఏ పరిచయమున్నా చాలు. అలాగైతే నిందితుల తరఫున వాదించిన తానూ ఈ పరీక్షలో తప్పినట్టేనని స్పెండర్ అన్నాడు. నాకీ మాటలో హాస్యం కంటే పద్ధతి నచ్చింది. చట్టం మాటను చివరిదాకా లాగి చూస్తే అది ఎవరి గుమ్మం దగ్గర ఆగుతుందో చూపించాడు. ఆగస్టు 21న రద్దును కొట్టేస్తూ ఆయన గీసిన గీత ఇది: నేరానికి సానుభూతో, మద్దతో, పాలుపంచుకోవడమో ఉండాలి, చుట్టరికమో మామూలు పరిచయమో చాలదు. డిసెంబరులో పై బెంచి కూడా దీన్ని నిలబెట్టింది. ప్రభుత్వం వేసిన క్లార్క్ విచారణ సంఘం 2008లో నివేదిక ఇచ్చింది. 2010 డిసెంబరులో నష్టపరిహారం ముట్టింది. హనీఫ్ విషయంలో కోర్టు తీర్పు దాకా రాకముందే కేసు పోయింది కాబట్టి, నిర్దోషి తీర్పు కూడా అక్కర్లేకుండానే సంబంధం అన్న మాట ఎంత దూరం లాగవచ్చో తెలిసొచ్చింది.

ప్రభుత్వం వైపు నుంచి

ఇంతవరకు చెప్పింది ఒక పక్క. రెండో పక్కన బలమైన కేసే ఉంది, దాన్ని దాటవేస్తే మోసం. 2009 ఏప్రిల్ 8న ఇంగ్లాండ్ పోలీసులు మాంచెస్టర్, లివర్‌పూల్ ప్రాంతాల్లో 12 మందిని పట్టుకున్నారు. 11 మంది పాకిస్తానీయులు, ఎక్కువమంది స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్లు. బాంబు దొరకలేదు, ఒక్కరి మీదా కేసు పెట్టలేదు. ప్రభుత్వం వాళ్లను పంపేయాలనుకుంది. ఏమీ నిరూపించలేక పంపేస్తున్నారని అప్పట్లో ఎవరన్నా నేను తలూపి ఉండేవాణ్ని. 2010 మేలో ప్రత్యేక ఇమ్మిగ్రేషన్ ట్రిబ్యునల్, రహస్య సాక్ష్యాలు కూడా చూసి, అబిద్ నసీర్ అల్ ఖైదా మనిషేనని చెప్పింది. కానీ పాకిస్తాన్‌లో చిత్రహింసలు పెట్టే ప్రమాదముందని పంపడానికి ఒప్పుకోలేదు. అంటే అనుమానం నిజమే, బహిష్కరణ మాత్రం సాగలేదు. 2013 జనవరిలో అతన్ని అమెరికాకు అప్పగించారు. బ్రూక్లిన్ కోర్టులో జ్యూరీ ముందు అతను తన కేసు తానే వాదించుకున్నాడు. బిన్ లాడెన్ ఇంట్లో, అబోటాబాద్‌లో దొరికిన కాగితాలు సాక్ష్యంగా వచ్చాయి. 2015లో నేరం రుజువై 40 ఏళ్ల శిక్ష పడింది.

ఈ కేసును రెండు వైపులా లాగవచ్చు. గూఢచారుల అనుమానాన్ని జ్యూరీ కొలతతో కొలవలేమని ప్రభుత్వాలు చెప్పేది ఇందులో నిజమైంది. అయితే నసీర్‌ను 2010లో విమానం ఎక్కించి ఉంటే పాకిస్తాన్‌లో దిగేవాడు, బహుశా స్వేచ్ఛగానే. అతన్ని 40 ఏళ్లు లోపల పెట్టింది బహిష్కరణ కాదు, బహిరంగ విచారణ. నిజంగా ప్రమాదకారి అయితే అతన్ని వేరే దేశపు వీధుల్లో వదలడం ఎవరికి రక్షణ? ఈ ప్రశ్నకు బహిష్కరణ సమర్థకులు ఇచ్చే జవాబు ‘మాకు రక్షణ’ అన్నదే. సరిహద్దులే లెక్కచేయని ముప్పు గురించి మాట్లాడుతూ ఆ జవాబివ్వడం నాకు సరిపడదు.

చిత్రహింసల అడ్డుగోడ వెనుక పంజాబ్ మనిషి ఉన్నాడు. బ్రిటన్‌లో ఖలిస్తాన్ ఉద్యమకారుడు కరమ్‌జీత్ సింగ్ చాహల్‌ను దేశభద్రత పేరుతో భారత్‌కు పంపడానికి 1990 ఆగస్టులో నిర్బంధించారు. అతనికి పాత గొడవల కేసుల్లో పడ్డ శిక్షలను 1992లో అప్పీలు కోర్టు కొట్టేసింది. అయినా నిర్బంధం ఆరేళ్లు దాటింది. 1996 నవంబరు 15న యూరప్ మానవ హక్కుల కోర్టు 12–7 మెజారిటీతో, ఎంతటి భద్రతా కారణమున్నా చిత్రహింసల ప్రమాదమున్న చోటికి పంపకూడదని చెప్పింది. నసీర్‌ను ఆపింది ఆ సూత్రమే.

మన దగ్గర మాటేమిటని అడగవచ్చు. విదేశీయుణ్ని పంపేసే అధికారానికి హద్దుల్లేవని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 1955లో హన్స్ ముల్లర్ కేసులోనే చెప్పింది. తాను విదేశీయుణ్ని కాదని నిరూపించుకునే భారం ఆ మనిషిదేనని 1946 చట్టం అంది, దాని స్థానంలో 2025 సెప్టెంబరు 1 నుంచి వచ్చిన కొత్త చట్టమూ అదే అంటోంది. పౌరుల విషయానికొస్తే, నిషేధిత సంస్థలో ఉత్త సభ్యత్వం నేరం కాదని 2011లో ఇద్దరు జడ్జీల బెంచి చెబితే, 2023 మార్చిలో ముగ్గురు జడ్జీల బెంచి దాన్ని తిరగరాసింది. కాబట్టి అమెరికాను వేలెత్తి చూపేటప్పుడు చెయ్యి కొంచెం దించుకోవాలి.

నా మట్టుకు నేను గీసే గీత స్పెండర్ గీతకు దగ్గర్లో ఉంటుంది. నిర్దోషిగా తేలిన విదేశీయుణ్ని పంపనే కూడదని అనను. వీసా అబద్ధాలతో తెచ్చుకుంటేనో, విచారణలో బయటపడని వేరే పని ఏదైనా చేశాడని తేలితేనో ఇమ్మిగ్రేషన్ కోర్టుకు పని ఉంటుంది. కానీ జ్యూరీ చూసిన అవే సాక్ష్యాలను మళ్లీ తీసుకెళ్లి, ‘చేశాడు’ అన్నచోట ‘వాళ్లతో ఉన్నాడు’ అని పెట్టి గెలవడం కుదరకూడదు. ఇంకా చాలాకాలంగా దేశంలో ఉన్నవాడి విషయంలో ప్రభుత్వమే వకీలును పెట్టాలి, తీర్పు చెప్పేది స్వతంత్ర జడ్జి కావాలి.

ఇందులో కొన్ని ఆశలు అమెరికా చట్టంలోనే రాసి ఉన్నాయి. 1996లో కాంగ్రెస్ ‘విదేశీ ఉగ్రవాదుల తొలగింపు కోర్టు’ ఒకటి పెట్టింది. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎంపికచేసే ఐదుగురు ఫెడరల్ జడ్జీలు, వకీలును పెట్టుకోలేని వాడికి కోర్టే నియమించే వకీలు. రహస్య సాక్ష్యాలను అనుమతించడం దీనిలోని పెద్ద లోపం, దాన్ని సమర్థించను. అయినా ఇమ్మిగ్రేషన్ కోర్టు కంటే నిందితుడికి ఇక్కడ రెండు ఊతలు ఎక్కువ. లిబర్టీ సిటీ, మెగాహెద్ కేసులు నడిచిన రోజుల్లో ఈ కోర్టు ఉంది, జడ్జీలూ ఉన్నారు. పుట్టిన తర్వాతి రెండు దశాబ్దాల్లో ప్రభుత్వం దాని ముందుకు తెచ్చిన కేసుల సంఖ్య సున్నా.